గాజుపలకపై ప్రకృతి శాస్త్రము

పలకయు బలపమును సంచిలో వేసికొని కాలువగట్టు వెంబడి బడికి నడచిన తల్లుల బిడ్డలు నేడు గాజుపలకను చేతబట్టి పాఠములు చదువుచున్నారు. వ్రేలితో తాకిన మాత్రమున గుండె కొట్టుకొనుట కనబడును; మరల తాకినచో గ్రహములు సూర్యుని చుట్టు తిరుగును; ఇంకొకమారు తాకినచో ప్రశ్నలు వచ్చి నిలుచును, సమాధానము నొక్కిన తోడనే మార్కులు తేలును. ఇంతటి వింత మన యింటి అరుగుమీదికే వచ్చినందుకు సంతసింపని తల్లి యుండదు. అయినను సంతోషముతోపాటు ఒక సందేహమును పుట్టుచున్నది. ఈ పలక మన బిడ్డలకు నిజముగా ప్రకృతి శాస్త్రమును నేర్పుచున్నదా, లేక నేర్చినట్లు మనకు తోపింపజేయుచున్నదా? అది వేయు మార్కులు దేనిని కొలుచుచున్నవి? ఈ విషయమున గృహిణులు తెలిసికొనదగిన సంగతులు కొన్ని కలవు. వానిని నేడు మా సోదరీమణుల ముందుంచ దలచితిమి.

విజయవాడనుండి మచిలీపట్టణమునకు పోవు పెద్దబాటలో, గుడివాడ దారి చీలుచోట, పామర్రు కలదు. చుట్టును కృష్ణకాలువల నీటితో పండు వరిచేలు. ఈ యూరిని మేము తలచుకొనుటకు కారణము అక్కడ ఏదో వింత పాఠశాల కలదని కాదు. పట్టణపు సౌకర్యములును పల్లె యలవాటులును కలిసియుండు డెల్టా యూళ్లకు అది చక్కని మచ్చు. ఇట్టి యూళ్లలో సెల్‌ఫోను లేని యిల్లు నేడు అరుదు. ఇంటికంతటికి మంచి ఫోను ఒక్కటే యగుట మాత్రము సాధారణము. దానిని తండ్రి జేబులో వేసికొని ఉదయమే పనికి పోవును. సాయంకాలము అది ఇల్లు చేరిన పిమ్మట ఎవరి చేతికి వచ్చుననునది ఈ వ్యాసములో చిన్న విషయము కాదు. దానిని గూర్చి ముందు చెప్పెదము.

మొదట మన రాష్ట్రమున జరిగినది చెప్పుకొందము. 2022 జూన్ నెలలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బైజూస్ అను విద్యావ్యాపార సంస్థతో ఒడంబడిక చేసికొనెను. ఆ యేడు డిసెంబరు 21వ తేదీన బాపట్ల జిల్లా యడ్లపల్లిలో సభ జరిపి, ప్రభుత్వ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి చదువు బాలబాలికలకు ట్యాబులు పంచుట ఆరంభించిరి. నాలుగులక్షల యేబదివేలకు పైగా విద్యార్థులకును, దాదాపు అరువదివేల మంది ఉపాధ్యాయులకును అవి అందినవి. మరుసటి యేడు డిసెంబరులో అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండవ విడత మొదలిడిరి. పాఠముల వీడియోలు ముందుగనే ట్యాబులో నింపియుండుటచే ఇంటర్‌నెట్టు లేని యింట గూడ అవి పనిచేసెను. తెలుగునను ఇంగ్లీషునను పాఠమును వినవచ్చును. మెదడు, మూత్రపిండము, అణువు మొదలగువానిని రంగుల చిత్రములలో చూచుట ఆ పిల్లలలో అనేకులకు అదే మొదటిసారి యయియుండును. కొనిపెట్టగల తల్లిదండ్రులు లేని బిడ్డ చేతికి అట్టి పరికరము రావలెనన్న కోరిక మంచిది. అందును మేము తప్పు పట్టము.

కాని తరువాతి కథను కూడ చెప్పవలెను. పాఠములు సమకూర్చిన ఆ సంస్థ అప్పులలో మునిగి, 2024 జులైలో దివాలా విచారణకు లోనయ్యెను. ఆ సంవత్సరమే రాష్ట్రమున ప్రభుత్వము మారెను; ట్యాబుల పంపకమును కొనసాగలేదు. చేతికివచ్చిన పలక చేతనే యున్నను, దానికి క్రొత్త పాఠములు చేర్చువారు, చెడినప్పుడు బాగుచేయువారు ఎవరన్న ప్రశ్న మిగిలినది. వ్యాపారి దుకాణము కట్టివేసినంతమాత్రమున మన యింటి బియ్యపుడబ్బా ఖాళీ కాకూడదు గదా! పిల్లల చదువు విషయమున నీ జాగ్రత్త మరింత అవసరము.

తెలుగు పల్లెలకు ఇట్టి యనుభవము క్రొత్తదియును గాదు. 1975 ఆగస్టు 1వ తేదీనుండి 1976 జులై 31వరకు మన దేశమున ఉపగ్రహముద్వారా టెలివిజను పాఠములు పంపు గొప్ప ప్రయోగము జరిగెను. ఆరు రాష్ట్రములలోని దాదాపు 2400 గ్రామములలో పెట్టెలు నెలకొల్పిరి. ఆ యారింటిలో ఆంధ్రప్రదేశమొకటి. ఉదయము పిల్లలకు వారి వారి భాషలలో కార్యక్రమములు వచ్చెడివి. వానిలో ప్రకృతి శాస్త్రమునకు ముఖ్యస్థానము. బడిపంతుళ్లకు గూడ సెలవులలో సైన్సు బోధించుటను గూర్చి ఆ పెట్టెద్వారానే శిక్షణ నిచ్చిరి. కరెంటు చేరని గ్రామములలో బ్యాటరీలతో పెట్టెను నడిపిరి. అయితే ఆ ఉపగ్రహము అమెరికావారిది. ఏడాదికి మాత్రమే మనకు ఎరువిచ్చినది. గడువు తీరగానే అది తరలిపోయెను. అర్ధశతాబ్దమునకు పూర్వము ఉపగ్రహము పోయినది, మన నాట సంస్థ పోయినది. రెండుమారులును నిలిచియున్నవారు పంతులును, పుస్తకమును, తల్లియును.

పుస్తకమని యంటిమి గాన దాని సంగతియే చెప్పుదము. ఇప్పటి పాఠ్యపుస్తకములలో పాఠము ప్రక్కన నలుపు తెలుపు గళ్ల చతురస్రము ముద్రించియుండుట మీరు చూచియుందురు. అది ముగ్గు కాదు, క్యూఆర్ కోడు. దీక్ష అను యాప్‌ను ఫోనులో దింపుకొని, దాని కంటిని ఆ గళ్లకు చూపినచో, ఆ పాఠమునకు సంబంధించిన వీడియోయో అభ్యాసమో తెరపై తెరచుకొనును. దీక్షను కేంద్రప్రభుత్వము 2017 సెప్టెంబరు 5న ప్రారంభించెను. దీనికి రుసుము లేదు; ట్యాబు లేకున్నను సామాన్యమైన స్మార్ట్‌ఫోను చాలును. వేలకు వేలు పోసి కొను పాఠములకంటె ముందు దీనిని చూచుట వివేకము. పల్లెయిండ్లలో ఇట్టి ఫోనులెంత త్వరగా పెరిగినవో అసర్ అను వార్షిక సర్వే తెలుపుచున్నది. బడికి పోవు గ్రామీణ బాలబాలికల యిండ్లలో 2018లో నూటికి 36 ఇండ్ల స్మార్ట్‌ఫోను ఉండగా, 2021 నాటికి నూటికి 67 ఇండ్లకు పైగా చేరినది. కరోనా కాలమున బడులు మూతపడుటయే ఈ వేగమునకు ముఖ్యకారణము. గేదెనమ్మి ఫోను కొన్న కుటుంబముల కథలు ఆ రోజులలో మనమందరము వింటిమి.

ఇక తెర యేమి నేర్పగలదు, ఏమి నేర్పజాలదు? కంటికి కానరానంత చిన్నవానిని, చూపునకు అందనంత దూరపువానిని, నిమేషములో జరుగుదానిని, ఏండ్లు పట్టుదానిని చూపుటలో తెరకు సాటి లేదు. రక్తము గుండెలో ఏ గదినుండి ఏ గదికి పోవునో నల్లబల్లపై సుద్దతో గీచి చెప్పుటకంటె కదలు చిత్రము మేలు. చంద్రగ్రహణమును గూర్చి బామ్మ చెప్పు రాహుకేతువుల కథకును, భూమినీడ కథకును తేడాను అది ఒక నిమిషములో చూపును. ఇంతవరకు దానిని మెచ్చుకొనవలసినదే.

ఐతే కంటి యెదుట నున్నదానిని గూడ తెరలోనే చూచు అలవాటు పట్టుబడినచో ప్రమాదము. విత్తనము మొలకెత్తుట తెరపై ఇరువది సెకండ్లలో ముగియును. తడిగుడ్డలో మూటగట్టిన మినుములకు అదే పనికి ఒకటి రెండు దినములు పట్టును. ఆ రెండు దినముల యెదురుచూపే శాస్త్రము. ఉదయము మూటవిప్పి చూచుట, కొన్ని ఉబ్బినవి, కొన్ని యట్లే యున్నవి, ఎందుకని యడుగుట, గుడ్డ ఆరినచో ఏమగునని తలచుట—ఇవన్నియు తెరలో లేవు. మన డెల్టాలో వరి కోయుటకు రెండు మూడు దినములు ముందుగా నిలిచియున్న చేనిలోనే మినుములు చల్లుదురు. పైన నీరు పెట్టకయే మట్టిలో మిగిలిన తేమతో అవి మొలచి, మంచుతోను చలితోను పెరిగి పంటకు వచ్చును. ఆ చేని గట్టునే బడికి పోవు పిల్ల విత్తనములకు కావలసినవేవియని పరీక్షలో అడిగినచో నీరు, గాలి, తగిన వేడిమి అని వ్రాసి మార్కులు తెచ్చుకొనును. మీ నాన్న చేనికి నీరెందుకు పెట్టలేదని యడిగినచో తెల్లబోవును. ఒకటి పుస్తకములో విత్తనము, ఒకటి పొలములో విత్తనము. రెంటిని కలుపువారు కావలెను.

వంటయింటిలోని పెరుగు సంగతియు నంతే. పాలు పెరుగగుటకు కారణమైన సూక్ష్మజీవి యేదియని తెర యడుగును. నాలుగు పేర్లలో లాక్టోబాసిల్లస్ అను దానిని పిల్లవాడు నొక్కును. పచ్చని గుర్తు పడును. కాని మరుగుపాలలో తోడు వేసినచో ఎందుకు తోడుకొనదో వానికి తెలియునా? అది తెలిసినవారు తల్లులు. ఆ జీవులు మరుగు వేడికి చచ్చును, ఫ్రిజ్జి చలికి మందగించును, గోరువెచ్చదనమున వృద్ధిపొందును. శీతకాలమున గిన్నెను గుడ్డతో కప్పి వెచ్చనిచోట పెట్టు అమ్మమ్మకు బ్యాక్టీరియా యను మాట తెలియదు. దాని స్వభావము మాత్రము పూర్తిగా తెలియును. మూడు చిన్న గిన్నెలలో పాలు పోసి, ఒకటి పొయ్యి దింపగానే, ఒకటి గోరువెచ్చనైన పిమ్మట, ఒకటి ఫ్రిజ్జిలోని చల్లపాలతోను—సమానముగా తోడు వేయించుడు. మూడవదానిని ఫ్రిజ్జిలోనే యుంచుడు. ఉదయము ఏది గట్టిపడునో రాత్రియే బిడ్డచేత ఊహ చెప్పింపుడు. చెప్పిన ఊహను కాగితముమీద వ్రాయించి దాచుట మరువరాదు. లేనిచో ఉదయము ఫలితము చూచి నేనదే చెప్పితినని పేచీపెట్టుదురు! ఇంతకంటె మంచి ప్రయోగశాలకు ఖర్చేమియు లేదు. తరువాత తెరపై ఆ జీవి రూపమును చూపినచో, అప్పుడు తెర కూడ నిజమైన ఉపకారము చేయును.

ఇప్పుడు మూల్యాంకనమునకు వత్తము. పరీక్షయని మనము పిలుచుదానిని బడులలో నేడు మూల్యాంకనమనుచున్నారు. ఏడాదిలో అప్పుడప్పుడు జరుపునవి నిర్మాణాత్మకములు, సత్రాంతమున జరుపునవి సంగ్రహణాత్మకములు. 2022లో మన రాష్ట్రపు బడులలో చిన్నతరగతులవారికి గూడ సమాధానపు వృత్తములను నింపు ఓఎంఆర్ పత్రములు వచ్చినవి. వానిని యంత్రము చదివి ఫలితము చెప్పును. ట్యాబులోని పరీక్షలో ఆ కాగితము కూడ లేదు. వ్రేలు తాకుటయే సమాధానము.

ఈ పద్ధతిలో ఒక గొప్ప మేలు కలదు. నలుబదిమంది పిల్లల కాగితములు దిద్దుటకు పంతులమ్మకు రెండు రాత్రులు పట్టును. అప్పటికి పాఠము ముందునకు సాగిపోయియుండును. యంత్రము క్షణములో చెప్పును. మార్కులు చెప్పుట యట్లుండనిండు. ఏ ప్రశ్నకు ఎందరు ఏ తప్పు సమాధానము నెన్నుకొనిరో చెప్పును. అందే అసలు విలువ యున్నది. ఉదాహరణమునకు, చల్లని నీరు నింపిన స్టీలుగ్లాసు వెలుపలి ప్రక్క నీటిబొట్లు పట్టును. అవి యెక్కడినుండి వచ్చినవి? అను ప్రశ్న వేసి, గ్లాసులోనుండి ఊరి వచ్చినవి, గాలిలోని ఆవిరి చల్లబడి వచ్చినవి, చల్లదనమే నీరైనది, నింపునప్పుడు ఒలికినవి, అని నాలుగు సమాధానములిచ్చిరనుకొందము. తరగతిలో సగముమంది మొదటిదానిని నొక్కినచో వారు సోమరులని గాని మందబుద్ధులని గాని యర్థము కాదు. వారి యిండ్లలో వేసవిలో మట్టికుండ యున్నది. కుండనీరు నిజముగనే గోడలనుండి ఊరును, చల్లబడుటకు కారణమును అదియే. వారు కన్నులార చూచినదానిని స్టీలుగ్లాసునకును అన్వయించిరి. ఇది తప్పే యైనను తెలివిగల తప్పు. దీనిని సరిదిద్దుటకు పంతులమ్మ పాఠమును రెండవమారు అప్పగించినచో లాభము లేదు. గ్లాసులోని నీటిలో కొంచెము కుంకుమ కలిపి చూపినచో చాలును. లోపల ఎఱ్ఱని నీరు, వెలుపల తెల్లని బొట్లు! ఊరి వచ్చినచో ఎఱ్ఱగా నుండవలదా యని పిల్లలే యందురు.

మొక్కలు పగలు ఆహారము తయారుచేసికొని రాత్రి మాత్రమే శ్వాసించునని చాలమంది పెద్దలు గూడ నమ్ముచున్నారు. మొక్క రాత్రింబవళ్లు శ్వాసించును. వెలుతురున్నప్పుడు దానికి తోడుగా ఆహారము చేయుపని కూడ సాగును. ఇట్టి అపోహలను ఏరి, వానినే తప్పు సమాధానములుగా కూర్చిన ప్రశ్నపత్రము మంచి ప్రశ్నపత్రము. అట్లుగాక మూడు వెఱ్ఱిమాటలును ఒక నిజమును పెట్టినచో అది పరీక్ష కాదు, పొడుపుకథ. మీ బిడ్డ యాప్‌లోని ప్రశ్నలను ఒకమారు మీరు చదివి చూడుడు. తప్పు సమాధానములు చదువగానే నవ్వు వచ్చుచున్నచో ఆ ప్రశ్నలవలన తెలియునది స్వల్పము.

ఇంకొక చిన్న లెక్క. నాలుగేసి సమాధానములు గల ఇరువది ప్రశ్నలకు పాఠమేమియు చదువక, కన్నులు మూసికొని నొక్కినవానికి గూడ సగటున అయిదు మార్కులు వచ్చును. కావున ఇరువదికి ఆరో యేడో వచ్చినచో కొంత వచ్చునని తృప్తిపడరాదు. మరియు ననేక యాప్‌లలో తప్పు నొక్కినవెంటనే మరల ప్రయత్నింపుమని వచ్చును. మూడుమారులు తప్పు నొక్కి నాల్గవమారు ఒప్పు నొక్కి, నక్షత్రములు సంపాదించి, అమ్మా నాకు అయిదు చుక్కలు వచ్చినవని పరుగెత్తుకొనివచ్చు చిన్నవానిని మనము ముద్దుపెట్టుకొందుము. ముద్దుపెట్టుకొనుడు, కాని ఆ తరువాత, ఆ సమాధానమే ఎందుకు సరియైనదని యొకమాట యడుగుడు. మీకు జవాబు తెలియవలసిన పనిలేదు. వాడు మీకు బోధపడునట్లు చెప్పగలిగినచో నేర్చెను. అదంతేనమ్మా అన్నచో నేర్వలేదు. ఇంగ్లీషు రాని తల్లికి గూడ ఈ పరీక్ష చేయుట సాధ్యము. యంత్రమునకు మాత్రము నేటికిని కష్టము.

కొలుచుటవలననే చదువు పెరుగునను భ్రమ అధికారులకును కలదు. దీనికి మన తెలుగునాటనే జరిగిన పరిశోధన యొకటి సమాధానము చెప్పినది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు ఆనాటి ఆంధ్రప్రదేశపు గ్రామీణ ప్రాథమిక పాఠశాలలలో, సంవత్సరారంభమున పిల్లలకు పరీక్షలు పెట్టించి, ఎవరెక్కడ వెనుకబడియున్నారో వివరముగా వ్రాసిన నివేదికలను ఉపాధ్యాయులకిచ్చిరి. అప్పుడప్పుడు పోయి తరగతులను గమనించిరి. గమనించువారున్నప్పుడు ఆ ఉపాధ్యాయులు ఇతర బడులవారికంటె ఎక్కువ శ్రద్ధతో బోధించుట కనబడినది. కాని సంవత్సరాంతమున పరీక్షించినప్పుడు, నివేదికలందిన బడుల పిల్లలు అందని బడుల పిల్లలకంటె మెఱుగుగా లేరు. ఈ ఫలితము 2010లో ప్రకటింపబడెను. ఆ పరీక్షలు భాషకును లెక్కలకును సంబంధించినవి, సైన్సునకు గావు. నాడు ట్యాబులును లేవు. అయినను తెలిసికొనదగినది స్పష్టము. జ్వరము చూచు గాజుగొట్టము ఎంత మంచిదైనను జ్వరము తగ్గింపదు. నివేదికను చదివి మరునాడు పాఠమును మార్చువారుండవలెను. మార్చుటకు వారికి వేళయు నుండవలెను. ట్యాబు వచ్చిన పిమ్మట ఉపాధ్యాయునికి వ్రాతపని తగ్గవలసినది పోయి, హాజరొక యాప్, భోజనమొక యాప్, మార్కులొక యాప్‌గా పెరిగినదని పంతుళ్లు మొఱపెట్టుకొనుట మనము పత్రికలలో చూచుచునే యున్నాము.

ఫోను ఎవరి చేతికి వచ్చునను మాటను ముందు చెప్పెదమంటిమి. అసర్ వారే 2023లో 28 జిల్లాలలో, 14 మొదలు 18 ఏండ్ల వయస్సు గల గ్రామీణ బాలబాలికలను విచారించిరి. స్మార్ట్‌ఫోను వాడుట తెలిసినవారిలో, తమ సొంత ఫోను గలవారు బాలురలో నూటికి 43.7, బాలికలలో నూటికి 19.8. సగమునకంటె తక్కువ! ఈ యంకెను చదివి ఎచ్చటనో ఉత్తరదేశమున నట్లుండునని తలచి ఊరకుండరాదు. మన యిండ్లలోనే చూచుకొందము. అన్నకు ఫోనిచ్చునప్పుడు చదువుకొమ్మందుము. చెల్లెలికిచ్చునప్పుడు ఎవరితో మాటలాడుచున్నావందుము. వాడు క్యూఆర్ కోడు చూచుచుండగా ఆమె అంట్లు తోముచుండును. ఆటలు చూచుటకు వానికి దొరకు గంటలో పదునైదు నిమిషములైన ఆమెకు పాఠము చూచుటకు దొరకదు. ఎనిమిదవ తరగతిలో ట్యాబు బాలికల పేరనే యిచ్చిరి. అందువలననే ఆ పంపకమున మాకు నచ్చినది ఇది యొక్కటి ముఖ్యముగా—ఆ వస్తువు ఆమెది. అయినను ఇంట జేరిన పిమ్మట అది ఎంతకాలమామెదిగా నుండెనో ఏ లెక్కయు చెప్పదు.

ఈ విషయమున నియమము పెట్టగలవారు తల్లులే. రాత్రి భోజనమునకు ముందు ఒక గంట ఫోను చదువుదని యేర్పరచి, దానిని కొడుకునకును కూతునకును గడియారము చూచి సమముగా పంచుడు. ఇద్దరును ఒకే పాఠము చదువువారైనచో కలిసి చూచి, ఒకరినొకరు ప్రశ్నించుకొనుట ఇంకను మేలు. గది తలుపు మూసికొని కాక, నట్టింటనో వరండాలోనో కూర్చుండి చూడవలెను. మీకును తెలియును, వారికిని భయముండదు. వెలుతురు లేనిచోట కన్నుల దగ్గర పెట్టుకొని చూడనీయరాదు. పగటి వెలుతురులో ఆరుబయట ఆడుకొను పిల్లలకు దూరపుచూపు మందగించుట తక్కువని వైద్యులు చెప్పుచున్నారు గాన, తెరముందు గడిపిన గంటకు బదులు గంట బయట గడపనిండు.

చేతితో చేసి నేర్చుకొను విద్యకును బడులలో స్థానము లేకపోలేదు. చిత్తూరు జిల్లా కుప్పము దగ్గర అగస్త్య ఫౌండేషను అను సంస్థ 1999లో నెలకొని, ప్రయోగ సామగ్రిని వాహనములకెక్కించి పల్లెబడులకు పంపుచున్నది. పెద్దబండి పోలేని యూళ్లకు మోటారుసైకిలుమీద పెట్టె గట్టుకొని బోధకులు పోవుదురు. పిల్లలే కటకములను పట్టుకొని చూతురు, తీగలు కలిపి దీపము వెలిగింతురు. మొబైలు విద్య యన్న మాటకు ఫోనుకంటె ఈ మోటారుసైకిలే మాకు మంచి యర్థముగా తోచుచున్నది! కృష్ణాజిల్లా ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చు సంస్థ గుడివాడ దాపున అంగలూరులో కలదు. ట్యాబు వాడుటయును, కుంకుమనీటి గ్లాసువంటి ప్రయోగముల కూర్పును జతచేసి అట్టిచోట నేర్పినచో పామర్రు మొదలగు మండలముల బడులకు ఎంతయో ఉపకరించును.

ఇంటిలో చేయవలసినది చెప్పితిమి. బడిలో అడుగవలసినదియు కలదు. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రతి ప్రభుత్వ పాఠశాలకును యాజమాన్య సంఘముండవలెను. అందు నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు. మొత్తము సభ్యులలో సగము స్త్రీలు. ఇది దయ కాదు, చట్టము. మన రాష్ట్రమున 2024 డిసెంబరు 7నను, 2025 జులై 10నను అన్ని బడులలోను తల్లిదండ్రుల పెద్ద సమావేశములు జరిపి బిడ్డల ప్రగతిపత్రములను చేతికిచ్చిరి. అట్టిచోటికి పోయినప్పుడు మార్కు లెన్ని యని యడిగి తిరిగివచ్చుట మనకలవాటు. మా బిడ్డ ఏ ప్రశ్నలను తప్పినది, ఆ తప్పుననుసరించి మీరు మరల ఏమి చెప్పితిరి అని యడుగుడు. ఈ యేడు సైన్సులో పిల్లలు తమ చేతులతో చేసిన ప్రయోగములెన్ని, బీరువాలోని సూక్ష్మదర్శిని బయటికి వచ్చినదెన్నడు అనియు అడుగవచ్చును. ఫోను లేని యింటి పిల్లకు ఇంటిపని ఫోనులో ఇచ్చినచో ఆమె యేమి చేయవలెను? బడిలోని పెద్దతెరను సాయంకాలము అరగంట ఆమెకు తెరచియుంతురా? పగిలిన ట్యాబు గాజునకు వెల యెవరు పెట్టవలెను? పాఠములిచ్చు సంస్థ మారినచో పాత పాఠములు పిల్లలకు మిగులునా? మర్యాదగా అడిగినచో పంతులమ్మలు కోపింపరు. తమకును ఇవే ప్రశ్నలు కలవని చెప్పుట కూడ కలదు.

సమావేశపు వేళ సాధారణముగా పగటిపూటయే పెట్టుదురు. నాట్లకును కోతలకును పోవు తల్లులు ఆ వేళకు రాలేరు. వారికనువగు గంటను కోరి తీర్మానము పుస్తకములో వ్రాయించుట సంఘములోని స్త్రీ సభ్యులు మొట్టమొదట చేయదగిన పని.